రాళ్లదిబ్బ మీద వరిచేను

ఫోను చెప్పే మాట ప్రకారం చిన్నపోలయ్య రాళ్లదిబ్బ సముద్రంలో లేదు. పెన్న దాటి, నెల్లూరికి తూర్పున, మైపాడు పోయే రోడ్డు పక్కన ఎవరిదో వరిచేను నడిమధ్యలో ఉంది.

ఆ దిబ్బ అతనికి వయసులో ఉండగా దొరికింది. లంగరు ఎక్కడో ఇరుక్కుంటే విడిపించుకోడానికి మునిగాడు. అడుగున రాళ్లు, రాళ్ల సందుల్లో తిరునాళ్లకొచ్చిన జనంలాగా చేపలు. పైకి తేలి ఊపిరి పీల్చుకునేలోపే, ఈ చోటు ఎవరికీ చెప్పకూడదని నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయం అట్లాగే ముదిరింది. పెళ్లాం మాలకొండమ్మకు చెప్పలేదు. కూతురు ఉషకు చెప్పలేదు. ఉషను శివకిచ్చి పెళ్లి చేసి, అల్లుణ్ణి తన ఫైబరు పడవలోనే ఎక్కించుకున్నాడు గాని, అల్లుడికి కూడా చెప్పలేదు. పక్కన కూర్చున్నంత మాత్రాన శివకు ఏం తెలుస్తుంది? నాలుగు దిక్కులా నీళ్లే. దారి చూపే పచ్చ జీపీఎస్ డబ్బా మామ ఒళ్లో ఉండేది, దాని మీద తువ్వాలు ఉండేది. శివ ఫోను మాత్రం తడిసిపోతుందనే సాకుతో ఇంట్లోనే పెట్టించేవాడు.

వేట నిషేధం రెండు నెలల్లో పడవలు ఇసక మీద బోర్లా పడుకుంటే, పచ్చ డబ్బా కూడా కన్నుమూసింది. దిబ్బ చోటు చెప్పే అంకెలు చిన్నపోలయ్యకు కంఠతా వచ్చు. కొత్త ఫోను కొని, సముద్రం యాప్ ఒకటి ఎక్కించుకొని, పడవ నీడలో ఒంటరిగా కూర్చొని తనే వేలితో కొట్టుకున్నాడు. శివ వచ్చి, "నేను కొట్టిస్తాలే మామా, ఇటియ్యి" అంటే ఫోను ఒళ్లోకి దాచుకున్నాడు.

నిషేధం ఎత్తేసిన నాడు బోగోలు తీరం జాలరి పాళేల పడవలన్నీ ఒక్కసారి నీళ్లలోకి దిగాయి. ఒడ్డు సన్నని గీతగా మిగిలాక చిన్నపోలయ్య యాప్ తెరిచాడు. బాణం గిర్రున తిరిగి, వచ్చిన ఒడ్డు వైపే చూపించింది.

"మామా, అది యాడికి చూపిస్తా ఉంది?"

"నీకెందుకు? నువ్వు ఇంజను చూడు."

"చూస్తానే ఉండా. నీ ఫోను నెల్లూరు పోదామంటాంది. సినిమాకా?"

ఆ రోజూ ఆ తరవాతా అందరూ వేసిన చోటే వల వేశారు. అందరికీ వచ్చినంతే వచ్చింది, ఇంకా తక్కువే వచ్చింది. ఒకప్పుడైతే బిట్రగుంట కొండనూ ఒడ్డు మీది తాటిచెట్లనూ ఒక గీతలో పెట్టుకొని దిబ్బను పట్టుకునేవాడు. ఆ చెట్లు పోయి వాటి చోట రొయ్యలగుంటలు వచ్చాయి. గుంటలు నీళ్లలోంచి కనబడవు. ఆ పాతగీత చెరిగిపోయి చాలాకాలమైంది.

ఒకరోజు పడవను ఒడ్డుకు లాగాక శివ తాడు విసిరికొట్టాడు.

"ఫోను చెడిపోలా మామా. నీ మనసే చెడింది. నేను చూసి నేర్చుకుంటానేమోనని అంకెలు నువ్వే మార్చిపెట్టినావు."

"ఒట్టురా శివా..."

"ఒట్టు తీసి గట్టున పెట్టు. రేపు నేనూ ఉషా మద్రాసులో కాశిమేడు రేవుకు పోతా ఉండాం. ఆడ పెద్ద బోటులో పనుందంట. వాళ్లేం నా ఫోను గుంజుకోరు."

చిన్నపోలయ్య అంకెలు మార్చలేదు, నిజమే. మార్చాలని మాత్రం చాలాసార్లు అనుకున్నాడు. అందుకే దొంగకు తేలు కుట్టినట్టు ఊరకుండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బిట్రగుంటలో గణేష్ ఫోన్ల అంగడి మెట్లెక్కాడు. సాయంత్రం బండికి అల్లుడు పోతాడు. ఈలోపల ఫోను బాగైతే పడవ ఉంటుంది, పిల్ల ఉంటుంది. గణేష్ ఫోను ఆర్పి వెలిగించాడు. లొకేషన్ అనుమతులన్నీ ఇచ్చాడు. లోపల చెత్త పేరుకుందంటూ ఏదో తుడిచాడు. దిక్కులు సర్దుకుంటాయని ఫోనును గాల్లో ఎనిమిది అంకెలాగా తిప్పాడు, దిష్టి తీసినట్టు.

"యాప్ బాగానే ఉందన్నా. నువ్వు అంగట్లో ఉంటే అంగట్లోనే చూపిస్తాంది. నువ్వు పెట్టుకున్న పాయింటే తేడా. ఆ అంకెలు ఒకసారి తెరువు, చూస్తా."

"అది తప్ప ఇంకేమన్నా చెయ్యి."

"డాక్టరు దగ్గరికొచ్చి చొక్కా ఇప్పనంటే ఎట్టా?"

"చొక్కా కాదబ్బయ్యా, నువ్వు పంచ ఇప్పమంటాండావు."

"అయితే యాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తా. నువ్వు పెట్టుకున్నవన్నీ పోతాయి. సరేనా?"

చిన్నపోలయ్య ఫోను లాక్కొని మెట్లు దిగాడు. ఏ మొహం పెట్టుకొని ఇంటికి పోవాలో తెలియక నెల్లూరు బస్సెక్కాడు. నెల్లూరులో దిగి మైపాడు బస్సెక్కాడు. పోయి ఏం చేస్తాడో అతనికే తెలియదు. పోగొట్టుకున్న ఎద్దు ఫలానా ఊళ్లో ఉందంటే, అబద్ధమని తెలిసినా మనిషి పోయి చూసివస్తాడు. అట్లా పోయాడు.

బస్సు దిగి కాలవ గట్టు వెంట నడిచాడు. రెండో పంటగా వేసిన ఎడగారు వరి మోకాలి మీదికి ఎదిగి ఉంది. బాణం ఇప్పుడు నిలకడగా ముందుకే చూపిస్తోంది, అలవాటైన కుక్కలాగా. తూర్పు గాలి ఉప్పు వాసనతో వచ్చి చేను మీద చెయ్యి వేసినప్పుడల్లా పచ్చదనం వంగి, లేచి, అవతలి గట్టుదాకా పాకి విరిగిపోతోంది. సముద్రం మీద అల ఇట్లాగే పోతుంది. చిన్నపోలయ్య చెప్పులు విడిచి గట్టు మీదినుంచి చేల మధ్య సన్నటి గెనం మీదికి దిగాడు. బాణం పోయి చుక్క అయింది. చుక్క వెలిగి, వచ్చేశావని చెప్పింది.

అతను నిలబడ్డాడు.

ఇదే దిబ్బ అయితే తానిప్పుడు అడుగున ఉన్నాడు. ఆ ఆలోచన రాగానే చెవుల్లో చప్పుడు తగ్గిపోయింది. ఎండ పచ్చగా, మెత్తగా, ఎంతో ఎత్తునుంచి దిగి వస్తోంది. తెల్లకొంగ ఒకటి రెక్క కదపకుండా పక్కగా జారిపోయింది, చందువ చేప జారినట్టు. తూనీగలు గుంపుగా వచ్చి మొహం ముందు ఆగి, ఒకేసారి మళ్లిపోయాయి. కాళ్లకింద బురద చల్లగా వేళ్ల మధ్యకు వచ్చింది. పైన ఒక మబ్బు మెల్లగా సాగుతూ చేను మీద నీడ పరిచింది. ఆ నీడకు ముక్కు ఉంది, తోక ఉంది. అది తన పడవ కడుపు. పడవలో శివ కూర్చొని ఉంటాడు. కిందికి తాడు వదులుతాడు. తాడు తనదాకా రాదు. తాను ఇక్కడున్నానని శివకు ఎట్లా తెలుస్తుంది? చెప్పినవాడెవరు?

పిలుద్దామని నోరు తెరిచాడు. నోట్లోకి నీళ్లు రాలేదు. గాలే వచ్చింది. అదేమిటోనని ఆశ్చర్యపోయాడు.

"ఏమబ్బయ్యా, డ్రోను మనిషివా?"

గెనం చివర గొడుగేసుకొని ఒక ముసలి రైతు నిలబడి ఉన్నాడు. చిన్నపోలయ్య నీళ్లలోంచి తల పైకెత్తినట్టు అతనికేసి చూశాడు.

"కాదన్నా. సముద్రం మనిషిని. బోగోలు దగ్గర పాళెం."

"సముద్రం మనిషికి నా చేలో ఏం పని?"

"నా ఫోను నా చోటు ఈడుందంటాంది."

రైతు నవ్వలేదు. గొడుగు మడిచి దగ్గరికొచ్చాడు. "నా పేరు రంగనాయకులు. ఈ చేను నాదే. నీది ఈడుందంటే, నాది యాడుందో తెలుసా?" తన ఫోను తీసి చూపించాడు. "చేనుకు దోమ పట్టింది. డ్రోనుతో మందు కొట్టిద్దామని యాప్‌లో పొలం పెట్టినా. అదేమో నీ పొలం బంగాళాఖాతంలో ఉంది, ఆడికి రామంటాంది. చూడు."

బొమ్మ నిండా నీలం. ఆ నీలంలో ఒంటరిగా ఒక ఎర్రగుర్తు. పడమటి అంచున ఒడ్డు గీత కనబడుతోంది. ఆ గీత వంపు చిన్నపోలయ్యకు తన అరచేతికంటే బాగా తెలుసు. బోగోలు తీరం అది. గుర్తు ఉన్నచోటు తన రాళ్లదిబ్బ.

చిన్నపోలయ్య ఆ ఫోను మీదికి వంగాడు. "దీనికి నువ్వేం అంకెలు వేసినావన్నా?"

"పద్నాలుగు, నలభైఅయిదు. ఎనభై, పన్నెండు. దాని వెనక చిన్న అంకెల తోకలున్నాయి." రంగనాయకులు తోకలు కూడా చదివాడు.

తాను పెళ్లానికీ చెప్పని అంకెల్ని ఎవరో ముసలాయన వరిగట్టు మీద నిలబడి ధర చదివినట్టు చదువుతున్నాడు. చిన్నపోలయ్య గెనం మీద చతికిలబడ్డాడు.

"నావీ అవే" అన్నాడు.

ఇద్దరూ రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూశారు. రైతు యాప్‌లో అంకెకొక గడి ఉంది. రెండో గడి పైన నూగు గింజంత గీటు ఉంది. చిన్నపోలయ్య యాప్‌లో గడుల్లేవు, పద్నాలుగు తరవాత చుక్క ఉంది. ఆ చుక్క తానే పెట్టాడు.

"ఆ డ్రోను కంపెనీ అమ్మాయి ఫోన్‌లో ఏదో చెప్పింది" అన్నాడు రంగనాయకులు. "నూటి లెక్కలో ఉండేదాన్ని నిమిషాల గడిలో ఏసినారు సార్ అనింది. నిమిషాలేంది, నేనేమన్నా బస్టాండులో ఉండానా అని పెట్టేసినా."

చిన్నపోలయ్యకు పచ్చ డబ్బా కళ్లముందు మెదిలింది. అందులోనూ ఆ అంకెల నెత్తిన అదే గీటు ఉండేది. ఏదో మరక అనుకునేవాడు.

"నిమిషాలంటే అరవై గదన్నా?"

"అరవయ్యే."

"అరవైలో నలభైఅయిదంటే ముప్పావు. నూటిలో నలభైఅయిదంటే సగం గూడా కాదు." అతను మెల్లగా, తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు. "నాది డబ్బా లెక్క, నిమిషాలది. నేను చుక్క పెట్టేసరికి ఫోను నూటి లెక్క అనుకునింది. ముప్పావు దూరం పోవాల్సినోణ్ణి సగానికి ముందే దించేసింది. నువ్వు దానికి తిరగేసినావు."

"అంటే నీ తప్పు నా చేలో పడింది, నా తప్పు నీ సముద్రంలో పడింది" అని రంగనాయకులు ఇప్పుడు నవ్వాడు. పళ్లు లేని నోరంతా నవ్వాడు.

రైతుది ముందు సరిచేశారు. డ్రోను రేపు వస్తానంది. తరవాత చిన్నపోలయ్య వెతికి వెతికి నిమిషాల లెక్క పట్టుకొని, తన అంకెలు మళ్లీ కొట్టాడు. గుర్తు వరిచేలోంచి లేచింది. పెన్న మీదుగా ఉత్తరానికి పోయి, ఒడ్డు దాటి, నీలంలో దిగింది. అది దిగగానే చుట్టూ నీళ్లు తీసినట్టయింది. వరి వరిగా, కొంగ కొంగగా మిగిలాయి. ఎండ నెత్తిన చురుక్కుమంది.

"ఇంతకీ ఆడ ఏముందబ్బయ్యా?"

చెప్పాడు. రాళ్లు, రాళ్ల సందులు, వంజరం చేపలు ఏ నెలలో వస్తాయో, నీళ్ల రంగు ఎక్కడ మారుతుందో, అన్నీ చెప్పాడు. ఎన్నేళ్లుగానో గొంతులో గడ్డకట్టుకొని ఉన్నదంతా గట్టు మీద కరిగిపోయింది.

"పెళ్లానికి గూడా చెప్పలేదంటివే. నాకెందుకు చెప్పినావు?"

"నువ్వు పడవెక్కితే ఒడ్డు దాటకముందే కక్కుకుంటావు గనక."

"అదీ నిజమే. మరి అల్లుడికేం చెప్తావు?"

"ఫోను బాగైందని చెప్తా."

"నమ్మతాడా?"

చిన్నపోలయ్య ఫోను వైపు చూశాడు. తానే శివ అయితే నమ్మడు. పోతానని బెదిరించేసరికి ముసలోడు మార్చినవాటిని మళ్లీ మార్చాడనుకుంటాడు. ఇట్లాంటి మామను తానైతే ఎప్పుడో వదిలేసి పోయేవాడు.

ఫోను చేశాడు. అవతల ఉష పెట్టె సర్దుతున్న చప్పుడు వినబడింది.

"శివా, యాడన్నా రాసుకో."

"ఏంది మామా? బండికి టైమవతాంది."

"పద్నాలుగు డిగ్రీలు. నలభైఅయిదు నిమిషాలు..." అని మొదలుపెట్టాడు. తోకలతో సహా చెప్పాడు. చివరి అంకె బయటికి వచ్చేసరికి అవతల పెట్టె సర్దే చప్పుడు ఆగింది.

"ఇప్పుడు నాకెందుకు చెప్తాండావు?"

"తప్పు కొట్టింది నేనే. నీకు చూపించుంటే ఆ రోజే దొరికుండేది."

లైను తెగింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని చిన్నపోలయ్య ఏమీ ఆలోచించలేదు. ఒళ్లు తేలిపోతున్నట్టుంది. పొద్దు వాలేసరికి పాళెం చేరాడు. ఇంటికి పోకుండా నేరుగా ఇసకలోకి నడిచాడు. తన పడవ ఉండాల్సిన చోట పడవ లేదు. అడుగు ముద్ర ఒకటే ఉంది, నీళ్లదాకా ఈడ్చిన గాడి ఉంది.

మాలకొండమ్మ బుట్ట పక్కన కూర్చొని ఉంది. "శివ, పక్కింటి మస్తానయ్య పడవ తీసుకొని పోయినారు. ఏమీ చెప్పలా" అంది. "కాశిమేడు పోయే బండి మాత్రం ఎళ్లిపోయింది. ఉష ఇంట్లోనే ఉండాది."

చిన్నపోలయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఒడ్డున కూర్చొని పడవ కోసం ఎదురుచూడటం అతనికి ఇదే మొదలు. ఇక్కడినుంచి సముద్రం వేరేగా ఉంటుందని తెలియదు. ప్రతి అల వెనకా ఒక పడవ ఉన్నట్టే ఉండి, అల విరిగాక ఉండదు. ఆడవాళ్లు రోజూ దీన్ని ఎట్లా చూస్తారో!

"రోజూ ఇట్టనే ఉంటదా?" అని అడిగాడు.

"ఏంది?"

"ఏం లేదులే."

పడమటి ఎరుపు నీళ్ల మీద చివరగా మెరిసేటప్పుడు ఒక అల వెనక నల్లటి ముక్కు లేచింది. అల విరిగినా అది ఉంది. చిన్నపోలయ్య పంచ ఎగ్గట్టి నడుంలోతు నీళ్లలోకి పోయి పడవ అంచు పట్టుకున్నాడు. లోపల వంజరాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మస్తానయ్య నవ్వుతున్నాడు. శివ నవ్వడం లేదు. మామ మొహంలోకి చాలాసేపు చూశాడు.

"రేపు చీకటితోనే రా మామా. నువ్వు లేకపోతే ముందువైపు బరువు చాల్లా. ముక్కు పైకి లేచి నా నడుము ఇరిగింది."

"నోరుమూసుకొని తాడియ్యి" అన్నాడు చిన్నపోలయ్య.

శివ తాడు అందించాడు.