చిన్నోణ్ని విప్పేసిన వారం

రుద్రారం ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబులు ఊడ్చి తుడిచే పని నాది. బడి వదలగానే నా కూతురు శ్యామల అక్కడికే వచ్చేది. చివరి ఏడాది పిల్లలు తయారు చేసిన రోబో ఒకటి బల్ల మీద ఉండేది. మూడు చక్రాలు, రేకు మొహం, కళ్ల చోట రెండు ఎర్ర బల్బులు. చప్పట్లు కొడితే అటు తిరిగి కళ్లు ఆర్పేది, అంతే. శ్యామల దానికి చిన్నోడని పేరు పెట్టింది. టీచర్ తిట్టినా, స్నేహితురాలు అలిగినా వాడికే చెప్పుకునేది. పోనీలే అనుకున్నాను. పొద్దంతా నడుం వంచి ఊడ్చే నాకు వినే ఓపిక ఎక్కడిది?

ఇంట్లో నా మొగుడు మొగులయ్య. పటాన్‌చెరులో ఆయన కంపెనీకి తాళం పడి ఏడాది దాటింది. అయినా రోజూ ఇస్త్రీ అంగీ తొడుక్కుని గేటు దాకా పోయి వస్తాడు. వేరే పని చూసుకోమంటే ఒకటే మాట.

"పిలుస్తరే. పరేషాన్ గాకు."

ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండేది.

పరీక్షలు కాగానే ఆ పిల్లలు చిన్నోణ్ని విప్పేశారు. మోటార్లు ఒక డబ్బాలో, బల్బులు ఇంకో డబ్బాలో వేశారు. శ్యామల వచ్చి ఖాళీ బల్ల ముందు చప్పట్లు కొట్టింది. చూడలేకపోయాను.

"డ్యూటీకి పోయిండు బిడ్డా, వస్తడు," అన్నాను.

ఇక రోజూ ల్యాబు గుమ్మంలో కూర్చుని ఎదురుచూడటమే దాని పని. అన్నం కూడా సరిగా తినేది కాదు. నాకు నిజం చెప్పే ధైర్యం లేక, మొగులయ్యకు సంగతంతా చెప్పి, నువ్వే సముదాయించమన్నాను.

ఆ సాయంత్రం ఆయన గేటు నుంచి రాగానే శ్యామల అడిగింది.

"నాయినా, చిన్నోణ్ని మల్ల పిలుస్తరా?"

పిలుస్తరనే అంటాడనుకున్నాను. ఆయనకు వచ్చిన మాట అదొక్కటే కదా. మొగులయ్య దాని పక్కన చతికిలబడ్డాడు.

"పిలువరు బిడ్డా. వాణ్ని విప్పి డబ్బాలల్ల ఏసిండ్రు. ఇగ ఎదురు సూడకు."

శ్యామల ఏడవలేదు. ఆయన మొహంలోకి చూసింది.

"మరి నిన్ను?"

ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకుని వంకాయలు తరిగాను.

"నన్ను గూడ పిలువరు," అన్నాడు.

ఏడాదిగా ఆ మాట కోసమే ఆయనతో పోట్లాడాను. తీరా వినేసరికి, అట్లా అనకు, రేపు కూడా గేటు దాకా పోయి రా అని చెప్పాలనిపించింది.