మోకాళ్లతో విన్న నాదము

మార్గశీర్షమాసారంభమున గోదావరీ పశ్చిమశాఖాతీరమందలి నరసాపురప్రాంతమెల్ల ప్రాతఃకాల తుషారధవళావరణమున మునిగి కాలువగట్లమీది కొబ్బరిచెట్లు మొదళ్లు లేక తలలు మాత్రమే గలవానివలె గానవచ్చుచుండ కోసిన వరిపనల పచ్చివాసన పడవలరేవుదాక వ్యాపించుచుండ ఆ గట్టుననే ముత్తాతలనాడు గట్టబడిన ప్రార్థనామందిరపు గంట క్రిస్మసునకు ముందటి ఆగమనకాలపు తొలి యాదివారమును సంఘమునకు దెలుపుచుండెను. జనులు దుప్పట్లు సవరించుకొనుచు లోనికి బోవుచుండిరి. పరంజ్యోతి మాస్టారొక్కడు మాత్రము వాకిటనే నిలిచి చెప్పులు విడుచుటకు సైతము జంకుచుండెను. నలువది రెండేండ్లు ఆ మందిరమున ఆర్గను వాయించి ఊరివారి పెండ్లిండ్లకును మరణములకును సమానగౌరవముతో స్వరము గూర్చిన పెద్దమనుష్యుడు తన పీటకు దానే భయపడుట వింతగా దోచవచ్చును. ఆ భయమునకు గారణమును ఆయనయే చేతులార తెచ్చిపెట్టుకొనెను.

ఆ మందిరమున పూర్వము మిషను దొరలు ఓడపై దెప్పించిన కాలియార్గను ఒకటి యుండెను. క్రింది పలకలను ద్రొక్కుచున్నకొలది తిత్తులు గాలి నింపుకొని రీడ్లను ఇత్తడి నాలుకలగుండ గంభీరనాదమును వెడలించుచుండ దాని టేకుపెట్టె వాయించువాని మోకాళ్లకు దగులుచు సన్నగా వణకుచుండును. ప్రతి శనివారము సాయంకాలము మాస్టారును ఆయన శిష్యురాలు కెజియాయును ఆ పెట్టె వెనుకపలక విప్పి రీడ్ల దుమ్ము దులుపుట వాడుక. ఆయన ఒక్కొక్క మెట్టు నొక్కుచుండ ఆమె కన్నులు మూసికొని విని మూల్గుచున్న రీడేదో చెప్పును. ఆయన దానిని లాగి కుంచెతో దుడిచి యథాస్థానమున నుంచును. కెజియా వ్రేళ్లను తొమ్మిదవయేట మెట్లపై బెట్టినవాడు ఆయనయే. ఇప్పుడామె మిషనుబడిలో పంతులమ్మ. పాటల బృందమునకు నాయకురాలు. రాబోవు క్రిస్మసునాడు ఆర్గనుపీట ఆమెకప్పగింపవలెనని సంఘపెద్దలు తలంచియుండిరి. పెండ్లిమాట యెత్తిననైనను అంతగా వికసింపని యామె ముఖము ఆ మాటకు వికసించెను.

ఇట్లుండ ఆ యేటి వానలకు పాత ఆర్గను రీడ్లు చిలుమెక్కి తిత్తుల తోలు ఎలుకలపాలయ్యెను. బాగుచేయువారు దొరకరైరి. అంతట పెద్దలు సభచేసి విద్యుత్తుతో పలుకు కీబోర్డునొకదానిని కొనుటకు నిశ్చయించి నాదము అచ్చముగ ఆర్గనువలె నుండవలెననియు మెట్లు చేతికి లొంగవలెననియు చెప్పి మాస్టారిని కెజియాను రాజమహేంద్రవరమునకు బంపిరి.

అంగడివాడు రెండు కీబోర్డులను బల్లపై బెట్టెను. మొదటిదాని మెట్లు తేలికయైనవి. వ్రేలు సోకినంతనే పలుకును. రెండవదాని మెట్లు పియానోమెట్లవలె బరువైనవి. వ్రేలు దిగుటయు లేచుటయు ఎముకకు దెలియును. మాస్టారు మొదటిదాని ముందు గూర్చుండి ఎడమచేత మంద్రస్థాయిని మ్రోగించెను. వినబడెను. కుడిచేయి పైపైకి బోవుచుండ నాదము సన్నగిల్లి సన్నగిల్లి తుదకు మెట్లు మాత్రమే మౌనముగ దిగుచు లేచుచుండెను. యంత్రము చెడినదేమోయని ఆయన అంగడివాని వంక జూచెను. అంగడివాడు తల యూపుచు ఆనందించుచుండెను. కెజియా కన్నులు చెమ్మగిల్లియుండెను.

అప్పుడు గదా పరంజ్యోతికి దన సంగతి తెలిసినది! ఈ కొన్నేండ్లును ఆయన వినుచుండినది చెవులతో గాదు. టేకుపెట్టె వణకు మోకాళ్లనుండి వెన్నునకును వెన్నునుండి పుఱ్ఱెకును ఎగబ్రాకుచుండ ఎముకలతో వినుచు దానినే వినికిడి యని భ్రమించియుండెను. ఈ ప్లాస్టిక్కు పలకకు వణకు లేదు. శనివారములందు రీడ్ల మూల్గును కెజియాచేత జెప్పించుకొనుట శిష్యురాలికి నేర్పుటయని తానిన్నాళ్లును అనుకొనుచుండెను గాని ఆమె చెవిని అరువు దెచ్చుకొనుటయని యనుకొనలేదు. చెవిటివాడు ఆర్గను వాయించునట యని ఊరెల్ల నవ్వుట ఆయన కన్నులకు గట్టెను. వెంటనే లేచి రెండవదాని ముందు గూర్చుండెను. దాని బరువు మెట్లపై ఏ వ్రేలు ఎచట నున్నదో చెవితో పనిలేకయే తెలియుచుండెను. మునిగిపోవువానికి గట్టు చిక్కినట్లయి ఇదియే మన ఆర్గను, నాదము అక్షరాల అదియే యని తీర్పు చెప్పెను.

కెజియా ఆశ్చర్యపడి మెల్లగా నిట్లనెను. "మాస్టారూ, మొదటిదే బాగుందండి. దీంట్లో పైస్థాయి రేకు గీసినట్టుంది. ఆడవాళ్లు దీంతో కలిసి పాడలేరండి."

"నేను నేర్పిన చెవే కదమ్మా నీది. నాకు వినపడనిది నీకెక్కడ వినపడింది?"

అంగడివాడు నవ్వెను. కెజియా గురువు ముఖమును క్షణకాలము తేఱిపాఱజూచి ఏదో చెప్పబోయి మానుకొనెను. అంగడివాడు నెల తిరుగకుండ తెచ్చినచో మార్చియిత్తునని మర్యాదకు జెప్పి రెండవదానిని పెట్టెలో గట్టెను. అంతటితో నాగినను బాగుండెడిది. మఱునాడు సభలో ఒక పెద్ద, కెజియమ్మకు ఇది నచ్చలేదట గదా యని యడుగగా తన గుట్టు బయటపడునను భయమున మాస్టారు ఆమెకు చేయి గలదు గాని చెవి లేదని చెప్పివైచెను. అనిన మఱుక్షణమే నాలుక కఱచుకొనెను గాని మాట అప్పటికే గడప దాటిపోయెను. చెవి లేనివారికి పీట యెట్లిత్తుమని పెద్దలు ఆ విషయమును మఱుసటి యేటికి వాయిదా వేసిరి. కెజియా ఆ కబురు విని బడికి బోయి పిల్లలకు ఎక్కములు చెప్పుకొనెను.

ఇదియే ఆ యాదివారమున ఆయన వాకిట నిలిచియుండుటకు గారణము. మూడవ గంట యైనది. ఇక తప్పదని లోనికి బోయి క్రొత్త కీబోర్డు ముందు గూర్చుండి పుటను సరిచేయుచుండగా ఆయన చొక్కాచేయి స్వరము మార్చు మీటకు దగిలెను. ఆయన యెఱుగడు. సంఘమెల్ల లేచి నిలిచి భక్తితో తలలు వంపగా నిరీక్షణాగీతపు తొలిచరణము పెండ్లిబ్యాండులోని క్లారినెట్టు గొంతుతో మందిరమున మ్రోగెను. ముందువరుస పిల్లలు పకపక నవ్విరి. ముసలమ్మలు సంఘకాపరియైన గురువుగారి వంకయు ఆ గురువుగారు సిలువ వంకయు జూచిరి. మాస్టారు మాత్రము గంభీరవదనుడై వ్రేళ్లను నమ్ముకొని రెండవ పాదమునకు సాగిపోవుచుండెను. అంతలో కెజియా పాటలవరుస నుండి తొందరలేక దిగివచ్చి పుట త్రిప్పుదానివలె వంగి మీట నొక్కెను. జనుల ముఖములు తేటపడుట జూచి ఏదో జరిగినదని ఆయన గ్రహించెను. ఆమె వ్రేలు మీటపై నుండుట జూచి ఏమి జరిగినదో గ్రహించెను. అటుపిమ్మట గీతమును ఎట్లు ముగించెనో ఆయనకే తెలియదు.

ప్రార్థన ముగిసిన పిమ్మట పెద్దలు కోపముతో రాగా ఆయన నోరు విప్పులోపలనే కెజియా ముందుకు వచ్చి పుట సరిచేయబోయి పాటకు ముందు తానే చేయి తగిలించితినని చెప్పెను. పెద్దలు ఆమెను గట్టిగనే మందలించి ఇకమీదట యంత్రము దాపునకు రావలదనిరి. పరంజ్యోతి ప్రక్కనే నిలిచియుండెను. ఒక్కమాట చెప్పవలసినది. చెప్పలేదు. పాటల పుస్తకమును మూసి సంచిలో బెట్టుకొని ఇంటికి బోయి పెండ్లాము వడ్డించిన అన్నము ముందు చేయి కడుగుకొని లేచెను.

ఆ వారమంతయు ఆయన ఎవరి ముఖమును జూడలేదు. శనివారము వచ్చెను. ఆ సంఘమున ప్రభుసంస్కారపు రొట్టెయు ద్రాక్షారసమును దీసికొనగోరువారు ముందునాడు గురువుగారికడకు బోయి తోటివారితో తగవు లేదని చెప్పి పేరిచ్చుట ఆచారము. నలువది రెండేండ్లుగా ఆ పట్టికలో తొలిపేరు పరంజ్యోతిదే. ఆనాడును అలవాటుచొప్పున గురువుగారు ఆయనను జూడగనే కలమెత్తి వ్రాయబోయిరి. ఆయన చేయి అడ్డముపెట్టెను. వ్రాయవలదనెను. ఎందుకని గురువుగారు రెండుమాఱులడిగిరి. మొదటిసారి ఆయనకు వినబడలేదు. రెండవసారి వినబడెను గాని జవాబునకు మాఱుగ దుఃఖము వచ్చెను. అది కొంత తగ్గిన పిమ్మట అంగడినుండి క్లారినెట్టుదాక జరిగినదంతయు జెప్పెను. గురువుగారు ఆయన తప్పును క్షమింపలేదు. క్షమింపవలసినవారు వేఱొకరనియు కెజియా మాట పోయినది పదిమందిలో గనుక పదిమందిలోనే తిరిగి రావలెననియు చెప్పిరి.

మఱునాడు ఆయన పీటమీద గూర్చుండక సంఘము నడుమ నిలిచి పలికెను. ఆయనకు దన గొంతే సరిగా వినబడకుండుటచే మాటలు కొంత బిగ్గఱగా వచ్చెను.

"నాకు చెవులు పోయాయండి. ఆ సంగతి నాకు కొట్లోనే తెలిసింది. కెజియా చెవికి ఏ లోపం లేదు. ఉన్న లోపమంతా నాదే, దాన్ని ఆవిడ నెత్తిన రుద్దాను. పోయినవారం మీట నొక్కింది నా చొక్కా చెయ్యి. ఆవిడ దాన్ని సరిచేసింది."

ఒకరును నవ్వలేదు. ఆయన భయపడిన నవ్వు రాకపోవుటయే ఆయనను మఱింత క్రుంగదీసెను. లేని నవ్వునకు వెఱచి ఉన్న మనిషిని నొప్పించితిని గదా యని తోచెను. పెద్దలు ఆ దినమే కెజియాను బిలిచి పీటను ఆమెకప్పగించిరి. గడువు మీఱకముందే ఆమె రాజమహేంద్రవరము బోయి బరువుమెట్ల యంత్రము నిచ్చి తేలికమెట్ల దానిని దెచ్చెను.

క్రిస్మసునకు ముందటి శనివారము అపరాహ్ణమున పాత వాడుకచొప్పున ఆమె మాస్టారికి కబురంపెను. ఆయన వచ్చి చూడగా పాత ఆర్గను టేకుపెట్టెమీద క్రొత్త కీబోర్డు అమర్పబడియుండెను. తిత్తులుండిన బోలుచోట స్పీకరు పెట్టించి వెనుకపలకను మరల బిగింపించియుండెను. ఆమె ఒక చిన్నపీటను ప్రక్కకు జరిపి మోకాళ్లు పెట్టెకు ఆనునట్లు కూర్చుండుడని సైగచేసి మంద్రస్థాయిని మ్రోగించెను. టేకుపెట్టె వణకెను. ఆ వణకు మోకాళ్లకెక్కి వెన్నునకు బ్రాకి పాతకాలపు నాదమై తలలో నిండెను. ఆయన కన్నులు మూసికొని కెజియా, నన్ను క్షమింపుమమ్మా యనెను.

ఆమె వాయించుట నాపి ఆయనకు వినబడునట్లు దగ్గఱగా వంగి యిట్లనెను. "శనివారాలు మీకు పైరీడ్లు వినపడటం లేదని నాకు మూడేళ్లుగా తెలుసండి మాస్టారూ. కొట్లో ఆ మాట అనేదాన్నే. అంటే మీ పరువు పోతుందని ఊరుకున్నాను."

తన గుట్టును మూడేండ్లు కాపాడినదానిని గుట్టు బయటపెట్టునేమో యని తాను నలుగురిలో పడద్రోసెను. ఆమె క్షమించితినని యనలేదు, క్షమింపననియు అనలేదు, తిరిగి మెట్లపై చేతులుంచెను.

చెవి పోవుట పాపము గాదు. పోయిన చెవిని దాచుకొనుటకై ఉన్న చెవిని లేదనుట పాపము. అది ఒప్పుకొనిన దినముననే తీఱునదియు గాదు. ఆమె కుడిచేయి పైస్థాయికి బోయినప్పుడెల్ల టేకుపెట్టె వణకు ఆయనను జేరకుండెను. ఆ పైస్వరములెట్లు పలుకుచున్నవో తెలియవలెనన్న ఆయనకు వాయించుచున్న కెజియా ముఖమొక్కటే ఆధారము. ఆ ముఖము వంక కన్నులెత్తుటకు ఆ సాయంకాలమున ఆయనకు జేతగాలేదు.