రెండు కప్పులున్న ఫొటో

పక్కింటి మిసెస్ గామన్ చేపల కొట్టులో చెప్పిందట, కొట్టామె నాకు చెప్పింది. మూడు రోజులుగా నల్లబట్టల మనిషొకతె చంకలో పలకలాంటి పొట్లం పెట్టుకుని మా ఇంటికెదురుగా నిలబడుతోందట. వచ్చేపోయేవాళ్లను చూడదట. మా కింది గది కిటికీనే చూస్తుందట.

"అప్పులవాళ్లయితే అరుస్తారు, దేవుడి మనుషులైతే పాడతారు. ఇది నోరే విప్పదు. దాని చూపుకి మా పాలు విరిగిపోయాయి" అని కూడా అందట మిసెస్ గామన్.

"ఎవరని అడగలేదా?" అన్నాను.

"అడగకుండా ఉంటుందా ఆవిడ! 'ఆ ఇంట్లోవాళ్లకి తెలుస్తుందిలే' అందట."

కొందామనుకున్న చేప అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

మా ఇంటిని చూడటానికి జనం రావడం కొత్తేమీ కాదు. రాణిగారి జూబిలీ ఏడాది నవంబరులో, మా కింది గదిలో అద్దెకుండే లవీనియా టాప్ అనే కుట్టుపని పిల్లను ఎవరో గొంతు కోసి చంపారు. ఆ గది ఫొటో లండన్‌లో ప్రతి కొట్టు అద్దంలోనూ వేలాడింది. ముప్పై నాలుగేళ్లయినా ఆదివారం పూట ఎవరో ఒకరు వచ్చి కిటికీ వంక వేలు చూపించి పోతుంటారు. ఒంట్లో బాగున్న రోజున మా అమ్మ కర్టెన్ పక్కకు లాగి మరీ వాళ్లకు దర్శనమిస్తుంది. అమ్మకు ఎనభై రెండు. చూపు తగ్గింది గాని నోరు తగ్గలేదు. అయితే ఎంత పని లేనివాడైనా పది నిమిషాలు చూసి పోతాడు. మూడు రోజులు నిలబడినవాళ్లు ఇంతవరకూ లేరు.

నాలుగో రోజు పొద్దున ఆమె తలుపు తట్టింది. తీయగానే గుర్తుపట్టాను. అదే గడ్డం, అవే మూసుకున్న పెదాలు. కోర్టు బోనులో నిలబడ్డ ఆమె అన్నకూ అలాగే ఉండేవి.

"కెజాయా సాలిస్‌ని" అంది. "ఈనక్ చెల్లెల్ని."

ఈనక్ సాలిస్ సరుకుల పడవ నడిపేవాడు. లవీనియాను పెళ్లాడవలసినవాడు. ఆమెను చంపాడని ఉరితీసింది అతన్నే.

"అమ్మకి ఒంట్లో బాలేదు" అన్నాను, తలుపు సగమే తెరిచి.

"ఎవరే తర్జా అది?" లోపలినుంచి అమ్మ నన్ను కేకేసింది. "తలుపు తెరిచి కబుర్లాడితే నా బొగ్గు వేడంతా వీధిపాలవుతుంది! రమ్మను, లేదా పొమ్మను!"

కెజాయా వచ్చింది. తను ఎవరో అమ్మకు చెప్పింది.

"ఓహో, ఆ పడవవాడి చెల్లెలివా" అంది అమ్మ. "కూర్చో. టీ తాగుతావా?"

"మీ ఇంట్లో తాగను."

పొట్లం విప్పి మొదటి ఫొటో బల్లమీద పెట్టింది. నేను దాన్ని చూడనక్కర్లేదు, కళ్లు మూసుకున్నా కనబడుతుంది. కిటికీ దగ్గర చిన్న బల్ల, దానిమీద తెల్లటి గుడ్డ, నీలం అంచు కప్పులు రెండు. ప్రభుత్వ వకీలు దీన్నే జ్యూరీవాళ్ల ముందు ఎత్తి పట్టుకున్నాడు. ఒంటరి ఆడపిల్ల ముక్కూ మొహం తెలియనివాడికి మంచి కప్పులు తీసి పెడుతుందా అన్నాడు. ఆ సాయంత్రం వచ్చినవాడు ఆమెకు కావలసినవాడే అన్నాడు. పొగమంచులో పడవ చిక్కుకుని నదిమీదే ఉండిపోయానని, ఆ గదికి రానేలేదని ఈనక్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఆ పొగమంచులో అతన్ని చూసినవాడెవడు? జ్యూరీ అరగంటలో తేల్చేసింది.

"నేనూ ఈ ఫొటోనే నమ్మాను" అంది కెజాయా. "జైలునుంచి మూడు ఉత్తరాలు రాశాడు, ఒక్కసారి వచ్చి పొమ్మని. వెళ్లలేదు. మూడోది విప్పనేలేదు. ఇంట్లో వాడి ఫొటో ఉంటే నా చేత్తోనే పొయ్యిలో పెట్టాను. వాడు నాతో అబద్ధం చెప్పాడా లేదా? నాకు అదొక్కటి తెలియాలి."

"అవన్నీ ఇప్పుడెందుకు కెజాయా" అన్నాను.

ఆమె రెండో ఫొటో తీసింది. ఎడమవైపు సగానికి గోధుమరంగు కాగితం కప్పి, గుండుసూదులు గుచ్చి ఉంది.

"ఆ కాగితం ఎత్తకు. అటు మంచముంది. మంచంమీద ఆ పిల్ల ఉంది."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఫొటోలు తీసినాయన పోయాడు" అంది కెజాయా. "ఆయన గాజుపలకలన్నీ తోటలవాళ్లకి అమ్మేస్తున్నారు, బొమ్మ గీకేసి, మొక్కలు పెంచే గాజు గదులకి బిగించుకోడానికి. నేను వెళ్లేసరికి సగం గీకేశారు. ఈ పలక మిగిలితే కాగితంమీద అచ్చు వేయించాను. నల్లగా వచ్చిందని ఆయన పక్కన పడేసినట్టున్నాడు. అంచున ఆయన రాతే ఉంది, 'పొద్దున ఆరున్నర' అని. కోర్టుకెళ్లిందానిమీద 'పదకొండు' అని ఉంది."

చీకట్లో మెగ్నీషియం తీగ వెలిగించి తీసిన ఫొటో అది. మూలలన్నీ మసి పూసినట్టున్నాయి. అదే కిటికీ, పగిలిన అదే అద్దం, అదే బల్ల. బల్లమీద గుడ్డ లేదు. పిడి ఊడిన రేకు ముంత ఒకటి, పక్కన ఎండిన రొట్టెముక్క.

"ఆరున్నరకీ పదకొండుకీ మధ్య ఈ గదిలోకి ఎవరొచ్చారు?" అంది.

వచ్చింది మేమే. శవాన్ని బండిమీద తీసుకుపోయాక, ఏదీ ముట్టుకోవద్దని చెప్పి ఒక కానిస్టేబుల్‌ని గుమ్మం దగ్గర వదిలి పోలీసులు వెళ్లారు. అతను చలికి వణుకుతుంటే అమ్మ వంటింట్లోకి పిలిచి టీ ఇచ్చింది. ముందు గుమ్మం రాయి కడిగి, తెల్లగా మెరిసేలా సుద్దరాయితో రుద్దింది. దానిమీద ఎవరి బూటు గుర్తుందో, లేదో, ఆ నీళ్లతోనే పోయింది. తరవాత నన్ను పిలిచింది. "మళ్లీ ఫొటో తీస్తారట. ఊరంతా చూస్తుంది. ఈ ముంత చూస్తే మన ఇంట్లో పందులుంటాయనుకుంటారు. ఇస్త్రీ చేసిన గుడ్డ, నీలం అంచు కప్పు పట్రా." ఒకటి తెస్తే ముష్టి కొంపలా ఉందని రెండోది కూడా తెప్పించింది. నేలమీది మరకను తప్పించుకుంటూ మునివేళ్లమీద నడిచి కప్పులు పెట్టింది నేనే. అప్పుడు మా ఇద్దరికీ ఇంకే ఆలోచనా లేదు, దేవుడి మీద ఒట్టు.

కోర్టులో వకీలు ఆ ఫొటో ఎత్తినప్పుడు బెంచీ కింద అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఎముక నొప్పెట్టేలా నొక్కింది. ఇద్దరం నోరు విప్పలేదు. ఈనక్‌ని ఉరితీసిన రోజే నేను తలుపుకు రెండో గడియ వేయించాను. అమ్మ ఎందుకని అడగలేదు. చంపినవాడు బయటే తిరుగుతున్నాడేమోనన్న భయం ఈ వీధిలో మా ఇద్దరికే ఉండేది.

"కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు కదా" అన్నాను కెజాయాతో. "ఎవరూ రాలేదు."

ఆమె నన్నలా చూస్తూనే ఉంది. మిసెస్ గామన్ చెప్పిన చూపు అదే.

"ఏవిటా గుసగుసలు? ఇటివ్వు" అని అమ్మ చెయ్యి చాచింది. కోర్టుకెళ్లిన ఫొటోను కిటికీ వెలుతురుకి పట్టుకుని, ముక్కు ఆనించి చూసింది. మొహం విప్పారింది.

"చూశావుటే తర్జా, గుడ్డ ఎంత తెల్లగా పడిందో! ఎంత ఇస్త్రీ చేశాననుకున్నావ్!"

"అమ్మా!"

"ఏం అమ్మా? నా కప్పులు నావని చెప్పుకోకూడదా?"

కెజాయా బల్ల అంచు పట్టుకుంది.

"ఇవి మీ కప్పులా? మా అన్న కోసం ఆ పిల్ల పెట్టినవి కావా?"

"దానికి కప్పులెక్కడివి! రేకు ముంత మొహం. వీటిలో టీ చుక్కైనా పడలేదు, ఊరికే చూపుకి పెట్టాం."

కెజాయా నావైపు తిరిగింది.

"నువ్వు నా వెనక బెంచీలోనే కూర్చున్నావు. ఆ వకీలు అన్నదంతా విన్నావు."

"చెబితే అమ్మని జైల్లో వేసేవాళ్లు" అన్నాను. "నాకప్పటికి పంతొమ్మిదేళ్లు. భయపడ్డాం కెజాయా. ఒట్టి భయం, అంతే."

అమ్మ ఫొటో ఒళ్లో పెట్టుకుంది.

"భయమూ లేదు, గాడిదగుడ్డూ లేదు" అంది. "చంపినవాడు దొరకని ఇంట్లో ఎవడు అద్దెకి దిగుతాడు? రెండు నెలలు గదులన్నీ ఖాళీగా ఏడ్చాయి. ఆ పడవవాణ్ణి ఉరితీసిన వారానికే నిండాయి."