అరగిన్నె టీ

"కెసెలో సగమే పొయ్యి కోడలా, అతిథికి గౌరవం తెలియాలిగా" అని అత్తగారు మందలించింది, పధ్నాలుగేళ్ళుగా టీ పోస్తున్న చేతికి ఆ పాఠం ఇంకా వంటబట్టనట్టు. కొస్తనాయ్ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ఇంతే. పిడిలేని ఆ చిన్న కెసెలో టీ సగం పోస్తే ఇంకాసేపు కూచోండి, మళ్ళీ పోస్తాం అని. అంచుదాకా పోస్తే తాగేసి ఇక బయల్దేరండి అని. మర్యాద ఇంటివాళ్ళది, చెయ్యినొప్పి కోడలిది. మర్జాన్ గుమ్మం దగ్గర, టీనీళ్ళు మరిగే సమోవార్ పక్కన కూచుని పోస్తూనే ఉంది.

గది లోపలి కొసన, పెద్ద అతిథులు కూచునే చోట, ఆ పిల్ల కూచుంది. తొగ్జాన్, అస్తానా నుంచి వచ్చింది. వీళ్ళ పిండిమిల్లులో గోధుమల తూకం నుంచి జీతాల దాకా అన్నీ నడిపే పాత ప్రోగ్రాం తీసేసి కొత్తది పెట్టే వీలు చూడడానికి వారంగా ఆఫీసులో తిరుగుతోంది. ఆ వారమూ మర్జాన్ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటూనే ఉంది. మొదటిరోజే వచ్చి, మర్జాన్ మిల్లు లెక్కలు చూసే కుర్చీలో కూచుని, కింద ఏదో మీట నొక్కి కుర్చీ ఎత్తు సరిచేసుకుంది. ఇన్నేళ్ళు నడుం పడిపోయేలా అందులో కూచున్న మర్జాన్‌కి ఆ కుర్చీకి మీట ఉందనే తెలియదు! ఇంటినుంచి ఫోనొస్తే "పనిలో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అని పెట్టేస్తుంది. మగాళ్ళందరూ ఆ పిల్లని మీరు మీరు అంటారు. తను నోరు విప్పితే అడ్డొచ్చే దౌరెన్, ఆ పిల్ల దగ్గినా తలెత్తి వింటాడు. కట్టుకున్నవాడే కదా, ఒళ్ళు మండదూ?

అసలు మంట ఇంకోటి. పాత ప్రోగ్రాంలో నెల లెక్క మూసేటప్పుడు లోపల ఒక్కరు కూడా ఉండకూడదు. ఉంటే బిగుసుకుపోతుంది. అప్పుడు మర్జాన్ వరండాలోకొచ్చి "అందరూ బయటికి రండి!" అని అరుస్తుంది. తూకం వాళ్ళు, గోదాం వాళ్ళు, దౌరెన్, ఆఖరికి మామగారు కూడా గబగబా ప్రోగ్రాం మూసేసి చేతులు కట్టుకుని కూచుంటారు. ఇంట్లో కాస్త గొంతు లేస్తే "ఏమిటా గొంతు, పొరుగువాళ్ళు వినరూ?" అనే మనుషులే. నెలకోసారి తన మాటకి మిల్లంతా ఆగేది. దానిమీద ఈ పిల్ల చల్లగా చెప్పింది: "కొత్తదానిలో ఎవరూ బయటికి రానక్కర్లేదక్కా. మీకు అరుపుల బాధ ఉండదు." ఇంట్లోకి సవతిని తెచ్చి, ఇక నీకు వంటపని తప్పిందిలే అన్నట్టు వినిపించింది మర్జాన్‌కి.

అందుకే సాయంత్రం దౌరెన్ వంటింట్లోకొచ్చి "కొత్తది పెట్టాలా అని నాన్న నిన్ను అడుగుతానంటున్నాడు. వద్దని చెప్పెయ్. ఆ పాతదాని సంగతి నీకే తెలుసు కాబట్టి నీ మాట వింటాడు" అన్నప్పుడు మర్జాన్ లోపల్లోపల గంతులేసింది. వద్దనడానికి ఒకరు చెప్పాలా!

భోజనాలయ్యాక మాట అక్కడికే వచ్చింది.

"నడుస్తోందిగా తల్లీ, నడిచేదాన్ని కదపడం ఎందుకు?" అన్నాడు మామగారు. "పక్క మిల్లువాళ్ళు మార్చారు. లారీలన్నీ గేటు ముందు నిలబడిపోయాయి. ఊరంతా నవ్వింది."

"అన్ని చోట్లా ఈ భయమే అతా. జాగ్రత్తగా చేస్తే లారీలు ఆగవు. పాతదానికి చేసిన అతుకులు ఎక్కడున్నాయో ఎవరికీ గుర్తుండదు, అదే చిక్కు" అంది తొగ్జాన్.

"మాకా చిక్కు లేదు" అని దౌరెన్ నవ్వాడు. "మర్జాన్ ఉందిగా. మీ ప్రోగ్రాంకి ఏటేటా కట్టాలి. ఈమెకేం కట్టాలి? నెలాఖరున వంటపని అయ్యాక రెండు రాత్రులు కూచుంటుంది, అంతే. ఇంటి మనిషి!"

అత్తగారు కూడా నవ్వింది. తొగ్జాన్ నవ్వలేదు. ఫోన్ తీసి, "శిక్షణకి పేర్లు రాసుకుంటున్నానక్కా. మీ ఉద్యోగం ఏమని రాయను?" అంది.

మర్జాన్ నోరు తెరిచింది. లెక్కలావిడ మానేసినప్పుడు "ఈ ఒక్క నెలా చూడు" అన్నాడు దౌరెన్. ఆ నెల ఇంకా అయిపోలేదు.

"ఉద్యోగమేమిటి, మా కోడలు" అని మామగారే జవాబిచ్చేశాడు. "చెప్పమ్మా, మార్చాలా వద్దా?"

వద్దు అన్నమాట నాలుక చివరే ఉంది. అంటే చాలు, రేపు ఈ పిల్ల పెట్టె సర్దుకుని రైలెక్కుతుంది. కుర్చీ తనకొస్తుంది, అరుపు తనకొస్తుంది, రాత్రులూ వస్తాయి. కోటలాంటి ఈ మిల్లు కొత్తదానికి ఎందుకు జంకుతోందో మర్జాన్‌కి అప్పుడు అర్థమైంది. పాతదాని అతుకులన్నీ తనే. ఉచితంగా దొరికే అతుకు. తొగ్జాన్ వైపు చూసింది. ఈ పిల్ల పోతే బాగుండునని వారంగా కుళ్ళిపోతోంది. నిజానికి ఆ పిల్ల కూచున్న చోటు తనకి కావాలి. ఇంత సూటిగా కోరుకున్నందుకు సిగ్గేసింది, అయినా కావాలి.

దౌరెన్ కెసె అందుకుని టీ పొయ్యడం మొదలుపెట్టింది. సగం దాటినా ఆపలేదు. అంచుదాకా పోసి అతని ముందు పెట్టింది.

"అయ్యో, చెయ్యి జారిందేమిటే?" అంది అత్తగారు.

"జారలేదు అపా" అంది మర్జాన్. వరండాలో అరిచే గొంతే, కాకపోతే అరవలేదు. "మార్చండి అతా. శిక్షణకి నా పేరు రాయించండి, ఉద్యోగంతో, జీతంతో. కుదరదంటే సరే, ఈ నెలాఖరున పాతదాన్ని ఎవరు మూస్తారో చూసుకోండి. నేను కూచోను."

తన కెసెలో సగం పోసుకుని, లేచి వెళ్ళి తొగ్జాన్ పక్కన కూచుంది. ఆ పిల్ల కొంచెం జరిగి చోటిచ్చింది.

సమోవార్ దగ్గర చోటు ఖాళీగా ఉంది. దౌరెన్ నిండు కెసెని ఎత్తబోయాడు, ఒలికి వేళ్ళు కాలాయి. మామగారు గడ్డం నిమురుకుంటూ కోడల్ని చూశాడు. ఆ తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

"అతిథి కెసె ఖాళీ అయింది, కనబడ్డంలా? లేచి పొయ్యరా. సగమే పొయ్యి."