గేటు ముందు ముగ్గు

రంజాన్ నెల సగానికి వచ్చిన సాయంత్రం ఒమాన్‌లో ఘుబ్రా అనే పేటలోని ఆ గల్లీ పిల్లలకు పండగ. ఉపవాసం విడిచి నమాజు కాగానే మెడలో సంచులు తగిలించుకుని, గవ్వలు ఒకదానికొకటి కొడుతూ, పాట పాడుతూ ఇంటింటికీ వస్తారు. ఖరన్‌ఖషో అంటారు దాన్ని. ఏ ఇంటివాళ్లైనా వాళ్ల సంచుల్లో గుప్పెడు మిఠాయిలు వేయాలి. గల్లీలో అన్నీ ఒమానీల ఇళ్లే. తెలుగువాళ్లది సుమలత ఇల్లొక్కటే.

పోయినేడు మన పండగ కాదు కదా అని సుమలత గేటు వేసి ఉంచింది. కూతురు వాణి కిటికీ దగ్గర నిలబడి, "అందరిండ్లకు పోయిన్రు, మనింటికే రాలే" అంది. ఈసారి రావాల్సిందేనని సుమలత పట్టు పట్టింది.

నువ్వుల ముద్దలు చేసింది. గేటు బార్లా తీసి, లైట్లన్నీ వేసింది. రోజూ గడప దగ్గర వేసే చిన్న ముగ్గు చాలదనిపించి, గేటుకు అడ్డంగా బియ్యప్పిండితో పెద్ద పద్మం వేసింది. మధ్యలో వాణి పరుగెత్తుకొస్తే, "తొక్కినవంటే చూడు" అని గట్టిగా అరిచింది. సుమలత ముగ్గులో చుక్క పక్కకు జరగడానికి వీల్లేదు.

పిల్లలు వచ్చారు. గేటు దగ్గర ఆగి, కిందికి చూసి, గుసగుసలాడుకుని ఎదురింటికి మళ్లారు. వాణి ముద్దల గిన్నె ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది.

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ఓంకార్ భార్యను చూసి, "ఆ ముగ్గు కడిగెయ్యరాదు. మన పూజేందో అనుకుంటున్నట్టున్నరు" అన్నాడు.

"కడగ. ముగ్గు లేకుంటే అది నా వాకిలే కాదు."

"మరేం జేస్తవ్?"

"పోయి అడుగుత."

చెప్పులేసుకుని ఎదురింటికి నడిచింది. పెద్ద కొడుకు పేరు మీద అందరూ ఉమ్ ఉమర్ అని పిలిచే ఆ ఇంటావిడ, పళ్లెంతో గేటు దగ్గరే ఉంది. ఆవిడకు బజారు హిందీ బాగా వచ్చు.

"పిల్లలు మా ఇంటికెందుకు రావడం లేదు?" సుమలత సూటిగా అడిగింది.

ఉమ్ ఉమర్ ఆశ్చర్యపోయింది. "మీ వాణి కాలు పెట్టబోతే నువ్వెంత అరిచావో మా అమ్మాయి మర్యం చూసింది. సొంత కూతుర్నే తొక్కనివ్వని దాన్ని మా వాళ్లు తొక్కితే మర్యాదగా ఉంటుందా? నేనే వద్దన్నాను."

సుమలతకు నవ్వొచ్చింది. "అది పూర్తయ్యేదాకానే. ఆ తర్వాత వచ్చేవాళ్లు తొక్కుతూనే రావాలి."

"ఇంత కష్టపడి వేసింది తొక్కడానికా?"

"మీరు ఈద్‌కు హల్వా చేసి దాచుకుంటారా?"

ఉమ్ ఉమర్ పకపకా నవ్వి పిల్లల్ని కేకేసింది.

గుంపంతా మళ్లీ వచ్చి ముగ్గు అంచున నిలబడింది. ఎవరూ కదల్లేదు. సుమలత కూతుర్ని పిలిచింది.

"రా వాణీ."

"తొక్కనా?"

"తొక్కు."

వాణి బొటనవేలు ఆనించి, తల్లి మొహం చూసి, వెనక్కి తీసుకుంది. సుమలత చెప్పులు విడిచి పద్మం నడిమధ్యన అడుగేసింది. చక్కగా కుదిరిన రేకు చెదిరిపోతుంటే ప్రాణం చివుక్కుమంది. అయినా ఇంకో అడుగు వేసింది. వాణి ఎగిరి దూకింది. వెనకే మర్యం, ఆ వెనక మిగతావాళ్లు. వాకిలంతా గవ్వల చప్పుడు.

మర్యం నువ్వుల ముద్ద వాసన చూసి, కొరికి, ఇంకోటి కావాలని చెయ్యి చాపింది.

గిన్నె ఖాళీ అయ్యేసరికి వాణి టిఫిన్ సంచి మెడలో వేసుకుని వాళ్లతో పాటే బయటికి నడిచింది.

"అడగకుండనే పోతుంది సూడు" అన్నాడు ఓంకార్.

"అడిగితే వద్దందువా?"

అతను నవ్వి, ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకున్నాడు.

"వాణీ, చెప్పులు" అని సుమలత కేకేసింది. పిండంటిన పాదాలతో ఆ పిల్ల అప్పటికే పక్కింటి గేటు ముందుంది. పాటలో మాటలు సగమే వచ్చు. గొంతు మాత్రం అందరికన్నా పెద్దగా వినిపిస్తోంది.