తప్పు గాలిలో ఉంది

నేను ఒక ఆట రిమోటుని. బొటనవేళ్లతో తిప్పే రెండు పుల్లలు, పది బొత్తాలు, లోపల ఒక చిన్న దీపం. నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను: నేను చెప్పింది అవతలికి అందకపోవడం.

ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో తెలియదు. విశాఖలో ఒక బ్యాంకు ఉద్యోగి నాతో టీవీలో కార్లు నడిపేవాడు. ఓడితే తప్పు నాది, మంచం మీదికి విసిరేవాడు. గెలిస్తే ఘనత తన బొటనవేళ్లది. పెళ్లయ్యాక ఆట మానేసి నన్ను పాత సామాన్ల కొట్లో ఇచ్చేశాడు. అక్కణ్ణుంచి పలాస దగ్గర ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పే పేడాడ మాస్టారి చేతికి వచ్చాను.

అక్కడ నాకో రోబో దొరికింది. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు పాత మోటార్లతో, బొమ్మ లారీ చక్రాలతో కట్టుకున్నది. నేను చెబుతాను, అది నడుస్తుంది. వాళ్లలో నన్ను పట్టేది ఝాన్సీ.

శ్రీకాకుళంలో రోబోల పోటీ. దాని ముందురోజు సాయంత్రం నేను ఝాన్సీ సంచిలో వాళ్లింట్లోనే ఉన్నాను. "రేపది నడవకపోతే నాను మరి ల్యాబుకి ఎల్లనమ్మా. అందరూ నవ్వుతారు," అంది ఝాన్సీ. వాళ్లమ్మ హైమావతి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆమెకింకా ముప్పై నిండలేదు. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి పెళ్లి చేశారు, జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తుంది. ఒకసారి మానేస్తే మళ్లీ గడప తొక్కడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు. మర్నాడు పిల్లలకి తోడుగా తనూ శ్రీకాకుళం బయల్దేరింది.

అక్కడ బల్ల మీద మమ్మల్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు రోబో బాగానే పలికింది. బరిలో దింపి, పది అడుగుల అవతల గీత వెనక ఝాన్సీ నిలబడగానే మొరాయించింది. ఝాన్సీ పుల్లని ఇంకా గట్టిగా నొక్కింది. మనుషులకిదో అలవాటు. గట్టిగా నొక్కితే నా గొంతేమీ పెరగదు, పుల్ల అరుగుతుంది.

"ఇరవై నిమిషాలు టైమిస్తాం. అప్పటికీ నడవకపోతే పేరు కొట్టేస్తాం," అన్నారు పోటీవాళ్లు.

మాస్టారు తొందరపడలేదు. ఒకసారికి ఒకటే మార్చాలన్నారు. కొత్త బ్యాటరీలు వేశారు, కదల్లేదు. మా ఇద్దరినీ విడదీసి మళ్లీ జత కలిపారు, కదల్లేదు. నా నుంచి రోబోకి ఒక వైరు తగిలించారు. గిర్రున తిరిగింది! వైరు తీస్తే ఆగిపోయింది.

"మోటార్లు మంచివే, రిమోటూ మంచిదే. తప్పు గాలిలో ఉందర్రా," అన్నారు.

హైమావతి ముఖం పాలిపోయింది. "గాలి సోకిందా మేస్టారూ?"

పిల్లలు కిసుక్కుమన్నారు. "అమ్మా, నువ్వూరుకో!" అంది ఝాన్సీ తలెత్తకుండా.

"నవ్వితే నవ్వండి. యే గాలో సెప్పండి మేస్టారూ."

మాస్టారు నవ్వలేదు. "రిమోటు మాట గాలిలోనే వెళ్తుందమ్మా. రోబో వెనక నిటారుగా ఉందే పుల్ల, అదే దానికి చెవి."

హైమావతి ఆ పుల్లవైపు చూసింది. పొద్దున బస్సులో పిల్లలు కునుకుతుంటే ఆమె చేసిన పని నాకొక్కదానికే తెలుసు. దిష్టి తగలకుండా, గాలీధూళీ సోకకుండా, ఝాన్సీకి పసిపిల్లప్పుడు కట్టిన తాయెత్తుని రాగితీగతో ఆ పుల్లకే పది చుట్లు బిగించి, పైన స్కూలు రిబ్బను ముడేసింది. అలంకారం అనుకున్నారందరూ. ఇప్పుడు చెబితే కూతురి ముఖం ఎలా చూడాలి? చెప్పకపోతే పేరు కొట్టేస్తారు.

"ఆ సెవికి నానే సుట్టినాను మేస్టారూ. రిబ్బను కింద రాగితీగుంది."

"ఏటి సుట్టినావూ?" ఝాన్సీ ఇప్పుడు తలెత్తింది.

"నీ తాయెత్తేనే. బేగి ఇప్పండి. తిట్టాలనుంటే తరవాత తిడుదువు గాని."

తీగ విప్పారు. పది అడుగుల నుంచి రోబో కదిలింది. పిల్లలు ఎగిరారుగానీ మాస్టారు ఊరుకోలేదు, మళ్లీ చుట్టి చూశారు. ఆగింది. విప్పారు. కదిలింది. "ఇప్పుడు రూఢి అయింది. మీ అమ్మ చెప్పకపోతే సాయంత్రం దాకా బ్యాటరీలే మారుస్తూ కూర్చునేవాళ్లం," అన్నారు.

పోటీలో గూటికి చేర్చాల్సిన మూడు దిమ్మల్లో రెండు పెట్టాం, మూడోది జారిపోయింది. పై పోటీకి ఎంపికైన ఆరు జట్లలో మాది ఆరోది. తిరుగు బస్సులో సగం దూరం వచ్చాక ఝాన్సీ తల్లి భుజమ్మీద తల వాల్చి, "సోమవారం బేగి లేపమ్మా. ల్యాబు తాళం నానే తియ్యాల," అంది.

ఇప్పుడు నా ఎడమ పుల్ల పూర్తిగా వదులైంది, ల్యాబు అలమరాలో ఉంటున్నాను. మాస్టారు పట్టుబట్టి హైమావతి చేత ఓపెన్ టెన్త్ కట్టించారు. ఆదివారం క్లాసు ఇక్కడే. అందరికంటే ఎక్కువ ప్రశ్నలు ఆమెవే. రెండు వారాలుగా రావడం లేదు. "అమ్మకి డ్యూటీ ఉంది," అంటుంది ఝాన్సీ, ఎటో చూస్తూ. నా మాట అంత దూరం అందదు. మీలో ఎవరైనా అటు వెళ్తే, జీడి ఫ్యాక్టరీ వెనక సందులో మూడో ఇల్లు, ఆమె ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి. లెక్కల పరీక్ష పదమూడో తారీకని కూడా చెప్పండి.