ఫారంలో ఒకటే గడి

విత్తనాల నిల్వ కేంద్రంలో నా పని ఏరడం. రాళ్ళు, పుచ్చులు, వేరే రకం గింజలు తీసేసి, మిగిలినవి ఆరబెట్టి, పొట్లం కట్టి చలిగదిలో పెడతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. నా బల్ల మీద నుంచి కల్తీ గింజ ఒక్కటి కూడా దాటిపోదని పేరు. ఆ పేరు చూసుకుని కాస్త మురిసిపోయేదాన్ని కూడా.

నాలుగేళ్ళ కిందట నాన్న తన ఉలవలు తెచ్చి నా చేతికిచ్చాడు. గోధుమరంగువి, నల్లవి, మచ్చలవి, అన్నీ కలగలుపు. ఉలవలంటే అందరికీ చిన్నచూపే. మా చుట్టుపక్కల ఆ పంట వేసేది ఇక ఆయనొక్కడే. "నీ దగ్గరుంటే నాకు బెంగుండదమ్మా" అన్నాడు.

ఫారంలో రంగు రాయడానికి ఒకటే గడి ఉంది. గోధుమరంగువి ఎక్కువ కాబట్టి అదే రాశాను. రాశాక గింజలు ఆ రాతకు సరిపోవాలి కదా! రెండు రోజులు కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చుని నల్లవీ మచ్చలవీ ఏరిపారేశాను. సొంత నాన్న గింజలని ఇంకాస్త శ్రద్ధగా ఏరాను.

ఈ ఏడు నాన్న ఇంట్లోకి వరద వచ్చింది. దాచుకున్న విత్తనమంతా నాని కుళ్ళిపోయింది. ఆయన మాత్రం నిశ్చింతగా బస్సెక్కి నా దగ్గరికొచ్చాడు. చలిగదిలోంచి పొట్లం తెచ్చి ఆయన అరచేతిలో కొన్ని పోశాను. వేలితో గింజల్ని అటూ ఇటూ జరిపి చూశాడు.

"నల్లవేవమ్మా?"

"కల్తీ అనుకుని తీసేశాను నాన్నా."

"అన్నీనా?"

తల ఊపాను.

"వానలు బాగా పడితే ఇవి విరగకాస్తాయి. పడకపోతే నల్లవే దిక్కు. మచ్చలవాటికి పురుగు పట్టదు. ఏ ఏడు ఎలా ఉంటుందో మనకేం తెలుసు? అందుకే మా అమ్మ అన్నీ కలిపి చల్లేది, నేనూ అంతే." ఆయన గొంతులో కోపం లేదు. "తీసినవి ఏం చేశావ్?"

"పెరట్లో పారబోశాను. పావురాలు తినేశాయి."

"తిన్నాయా? పోన్లే, వృథా పోలేదు."

ఆ మాటకు నాకు దుఃఖం ఆగలేదు. ఇన్నేళ్ళ నా పనితనం మీద నాకే అసహ్యం వేసింది. బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే పక్కగదిలోంచి ఆఫీసరు వచ్చి, ఏమైందని అడిగాడు.

నాన్న గుప్పిట మూసేశాడు.

"ఏం లేదు సారూ. మా అమ్మాయి ఎంత శుభ్రంగా దాచిందో చూసుకుంటున్నా."